చట్టానికి కళ్ళున్నాయి!

1981లో చిరంజీవి సినిమా ఒకటొచ్చింది, ‘చట్టానికి కళ్ళులేవు’ అని. ఆ మాట మన వాడల్లో ఇప్పటికీ నానుతూనే ఉంది. కేసు ఓడినా అదే మాట, పోలీసోడు తన్నినా అదే మాట. చట్టం గుడ్డిది, పాపం, దానికేం కనపడతది!

మేం అడుగుతున్నాం. గుడ్డిదే అయితే ఎదురుగా నిలబడ్డోడు మాలోడా, మాదిగోడా, ఆసామా అని దానికెట్లా తెలుస్తోంది? కళ్ళు కనపడక తూలిపడేదైతే పదిసార్లలో అయిదుసార్లన్నా మన వైపు పడాలి గదా! ఎప్పుడూ అటే ఎందుకు పడుతోంది?

చుండూరు కథ సినిమా హాల్లోనే మొదలైంది. 1991 జూలైలో, చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూచున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. టిక్కెట్టు ఇద్దరూ కొన్నారు, తెర ఇద్దరికీ ఒకటే. కాలు మాత్రం ఒకటి కాదు! అది ముదిరి ముదిరి సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న పట్టపగలు ఎనిమిది మందిని వేటాడి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఊళ్ళో అప్పటికే పోలీసులున్నారు.

సినిమాలో అయితే తర్వాతి సీను కోర్టే. హీరో తలుపు తన్నుకొని సాక్షిని తెస్తాడు, జడ్జి సుత్తితో కొడతాడు, శుభం కార్డు. (మన కోర్టుల్లో జడ్జి ముందు సుత్తి ఉండదు. అదీ సినిమావాళ్ళు పెట్టిందే.) చుండూరులో ఏం జరిగింది? కోర్టు మా ఊరికే రావాలని జనం పట్టుబట్టి సాధించుకున్నారు. బి. చంద్రశేఖర్ గారు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వాదించారు. 2007 జూలై 31న, పదహారేళ్ళకి, తీర్పు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. పోనీలే ఇంతైనా అనుకున్నాం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అదీ కొట్టేసింది, అందరూ నిర్దోషులే! ఎన్ని గంటలకి చచ్చారో, ఎక్కడ చచ్చారో, ఎవరు కొట్టారో రుజువు కాలేదంట. కత్తులతో తరుముతుంటే పొలాలకడ్డంపడి పరిగెత్తేవాడు గడియారం చూసుకోవాలి కాబోలు! సుప్రీంకోర్టుకి అప్పీలు పోయింది. మరి ఆ ఎనిమిది మందీ వాళ్ళంతట వాళ్ళే గోతాల్లో దూరారా?

2021లో ‘జై భీమ్’ వచ్చింది. మంచి సినిమానే, కాదనం. కానీ దానికి ఆధారమైన తమిళనాడు కేసు 1993ది, మద్రాసు హైకోర్టు తీర్పు 2006లో. తెరమీద రెండున్నర గంటలు, ఆ భార్యకి పదమూడేళ్ళు.

2024లో సుప్రీంకోర్టులో కొత్త న్యాయదేవత విగ్రహం పెట్టారు. కళ్ళగంతలు తీసేశారు, కత్తి బదులు చేతిలో రాజ్యాంగం పెట్టారు. సంతోషం! ఇంతకుముందు మాత్రం చూడలేదా? గంతల సందునుంచి మన కులం బాగానే చూసింది గదా!

సినిమా మనకి నేర్పింది ఏంటంటే, కేసు లాయరు నోట్లో ఉంటుందని. అబద్ధం. కేసు స్టేషన్లో, మొదటి కాగితం మీదే గెలుస్తది, లేదా చస్తది. చుండూరులో హైకోర్టు పట్టుకున్నదేంటి? టైము, చోటు, పేర్లు. కాబట్టి కంప్లయింటులో ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమని తిట్టారు, మీ కులమేంటి, వాళ్ళ కులమేంటి, అన్నీ రాయించండి. రైటరు తన మాటల్లో రాస్తే చదివించుకొని వినకుండా వేలిముద్ర వెయ్యొద్దు. ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇవ్వాలి. 1989 అట్రాసిటీ చట్టం కింద దర్యాప్తు చేయాల్సింది డిఎస్పీ, హెడ్ కానిస్టేబులు కాదు. ముద్దాయికి బెయిలిచ్చే ముందు బాధితుల మాట వినాలని 15-ఎ సెక్షను ఉంది. కోర్టుకి పోయి మాట్లాడండి.

‘ముందు ఎంక్వైరీ చేస్తాం, తర్వాత కేసు’ అని ఎస్ఐ అంటే 18-ఎ చూపించండి. ఆ సెక్షను ఏ హీరో తెచ్చింది కాదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఈ చట్టం కోరలు పీకితే, ఏప్రిల్ 2న దేశమంతా మనోళ్ళు రోడ్డెక్కారు. ఉత్తరాదిన ప్రాణాలూ పోయాయి. ఆ ఆగస్టులోనే పార్లమెంటు దిగొచ్చి 18-ఎ రాసింది. కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకొని పొండి, స్టేషన్లో అడిగితే తీసి చూపించేటట్టు.