జబ్బు సైనికుడిది, రుజువు సర్కారుది

సైన్యంలో చేరేటప్పుడు కుర్రవాణ్ని మెడికల్ బోర్డు నిలువెల్లా పరీక్షిస్తుంది. ఏ లోపమూ లేదని రాసుకున్నాకే తీసుకుంటుంది. కొన్నేళ్లకు అతను జబ్బు పడితే మరో బోర్డు కూర్చుని, ‘సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు’ అని ఒక్క వాక్యం రాసి ఇంటికి పంపేస్తుంది. వైకల్య పింఛను వ్యాజ్యాలు చాలావరకు ఆ వాక్యం మీదే.

సిగ్నల్స్ కోర్‌కు చెందిన ఒక సిపాయికి అదే జరిగింది. 1985లో చేరాడు. మూర్ఛ రావడంతో 20 శాతం వైకల్యం తేల్చి 1994లో పంపేశారు. శరీరతత్వం వల్ల వచ్చిన జబ్బంటూ పింఛను నిరాకరించారు. సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చేసరికి 2013 జూలై వచ్చింది. కోర్టు కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. 1982 నాటి నిబంధనలనే చదివి వినిపించింది. చేరికనాటి రికార్డులో జబ్బు ఊసు లేకపోతే అది సర్వీసులో వచ్చినట్టే లెక్క. రుజువు భారం సైనికుడిది కాదు. అనుమానముంటే లాభం అతనిదే. కాదనే బోర్డు కారణాలు రాయాలి.

2014 డిసెంబరు తీర్పుతో మరో చిక్కు వీడింది. వైకల్యం 50 శాతం లోపుంటే 50గా లెక్కించే సదుపాయం, పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 రూపాయలనుకుంటే, 20 శాతం వైకల్యానికి నెలకు 2,400 వస్తుంది. 50గా లెక్కిస్తే 6,000. పల్లెలో మందులకూ ఇంటి ఖర్చుకూ ఆ తేడా చిన్నది కాదు.

ప్రతి జబ్బునూ సర్వీసుకు అంటగట్టలేమన్న వాదనలోనూ బలముంది. ఒక స్కిజోఫ్రెనియా కేసులో 2019లో సుప్రీంకోర్టు బోర్డు అభిప్రాయానికే మొగ్గింది. అయితే కారణం చెప్పని అభిప్రాయానికి ఆ గౌరవం ఎందుకివ్వాలి? మధుమేహం జీవనశైలి జబ్బనో, శాంతి ప్రాంతంలో ఉండగా వచ్చిందనో అంటే చాలదని ఢిల్లీ హైకోర్టు 2025లో స్పష్టంగానే చెప్పింది.

తొలి రెండు అప్పీళ్లూ వినేది శాఖాపరమైన కమిటీలే. అక్కడ ఓడితే సాయుధ దళాల ట్రైబ్యునల్. మన రెండు రాష్ట్రాలూ దాని చెన్నై బెంచి పరిధిలోనివి. మిలటరీ మాధవరం నుంచైనా, ఆదిలాబాద్ నుంచైనా కేసు అక్కడికే. మాజీ సైనికుడు గెలిచినా ప్రభుత్వం పైకోర్టుకెక్కుతుంది. ఈ వ్యాజ్యాలు తగ్గించే దారి చెప్పమని 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ నిపుణుల కమిటీ వేశారు. అదే ఏడాది నివేదిక అందింది. తేలిపోయిన అంశాలపై మళ్లీ అప్పీలుకు వెళ్లడం ప్రభుత్వం ఇకనైనా మానాలి. కారణం రాయని బోర్డు నివేదికను మొదటి అప్పీలు కమిటీయే తిప్పి పంపాలి.