తొలి వంతు ఎవరికి?
కాలభేదమును చెరిపివైచి సర్వకాల బాస్కెట్‌బాల్ జట్టును కూర్చుకొను వినోదమునందు, తొలి వంతు దక్కినవాడు కన్నులు మూసికొని మైకేల్ జోర్డాన్ పేరు చెప్పుట ఆచారమైపోయినది. 1984 నాటి అసలు డ్రాఫ్టులో ఆయనను ఇద్దరి తరువాతఁ గాని పిలువలేదన్న సంగతి వేరు. నేనైతే బిల్ రస్సెల్‌ను కోరుకొందును. 1962లో ఒక్క ఆటలో 100 పాయింట్లు చేసిన విల్ట్ చాంబర్లెయిన్ ఎదుట, సగటున 15 పాయింట్లు మాత్రమే చేసిన రస్సెల్ అంకెలలో వెలవెలపోవును, నిజమే. కాని ప్రత్యర్థి వేసిన బంతిని ఆర్భాటముగా ప్రేక్షకులలోనికి చరచివేయక, గాలిలోనే మెత్తగా తట్టి, పరుగునకు సిద్ధముగా నున్న సహచరుని చేతఁ బడవేయు ఆ నేర్పును ఏ పట్టికలో వెదకుదుము? ఎన్.బి.ఏ. వారు బ్లాకులను లెక్కించుట మొదలిడినది 1973–74లో. ఆయన ఆట చాలించినది 1969లో. 13 సీజన్లలో 11 ఛాంపియన్‌షిప్పులు గెలిచిన బోస్టన్ జట్టునకు నడుమ నిలిచినవానిని, పద్దున కెక్కలేదను కారణమున నాలుగవ వంతుదాక విడిచిపెట్టు మిత్రుల లెక్క నాకెన్నడును బోధపడలేదు. వరుస తిరుగబడి రెండవ వంతు నాకు వచ్చుసరికి జోర్డాన్ ఎటూ మిగులఁడు. జెర్రీ వెస్ట్ మిగిలిన చాలును.