డైవ్ చేశాక ఘాట్ రోడ్డా? కాస్త ఆగండి!

లాంగ్ వీకెండ్ వస్తుందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో వైజాగ్ ప్లాన్లు మొదలవుతాయి. ఈమధ్య అందులో ఒక కొత్త లైన్ చేరింది: ‘పొద్దున రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం భోంచేసి అరకు, రాత్రికి క్యాంప్‌ఫైర్’. పొద్దున చేపలు, రాత్రికి బొంగులో చికెన్. రీల్స్‌కి ఇంతకన్నా మంచి కాంబినేషన్ ఏముంటుంది? కానీ మన ఒంటి వైపు నుంచి చూస్తే ఈ వరసే తేడా.

స్కూబా చేసినవాళ్లలో చాలామందికి ఒక రూల్ తెలుసు. డైవ్ చేసిన వెంటనే ఫ్లైట్ ఎక్కకూడదు. అందుకే అది విమానాల రూల్ అనుకుంటారు. నిజానికి అది ఎత్తు రూల్. మీరు పైకెళ్లింది విమానంలోనా, ఇన్నోవాలోనా, కిరండూల్ రైల్లోనా అన్నది మీ రక్తానికి తెలీదు. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి తగ్గిందా లేదా అన్నదే దానికి లెక్క.

ఎందుకో చూద్దాం. మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజన్. నేల మీద దాని గోల మనకి ఉండదు. నీళ్లలో మాత్రం ప్రతి 10 మీటర్ల లోతుకి ఒక వాతావరణమంత ఒత్తిడి అదనంగా పడుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర మీ మీద ఉండేది రెట్టింపు ఒత్తిడి. ఆ ఒత్తిడిలో పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్లలో మామూలు కన్నా ఎక్కువ కరుగుతుంది. పైకి వచ్చాక అది ఊపిరితిత్తుల ద్వారా మెల్లగా బయటికి పోతుంది. ‘మెల్లగా’ అంటే నిమిషాల్లో కాదు, గంటల్లో.

గోలీ సోడా గుర్తుందిగా? గోలీ బిగుసుకుని ఉన్నంతసేపు లోపల నీళ్లలాగే ఉంటుంది. గోలీ నొక్కగానే ఒత్తిడి తగ్గి బుస్సుమని బుడగలు. నైట్రోజన్ ఇంకా మిగిలి ఉండగానే కొండెక్కితే మన ఒంట్లోనూ బుడగలు పెరిగే అవకాశం ఉంది. దాన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, వాడుకలో ‘బెండ్స్’. ఇది డైవర్లకే వచ్చేది కూడా కాదు. 1870ల్లో న్యూయార్క్‌లో బ్రూక్లిన్ బ్రిడ్జి పునాదుల కోసం ఒత్తిడి గాలి నింపిన గదుల్లో పనిచేసిన కార్మికులు బయటికొచ్చాక కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగిపోయేవాళ్లు. చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దీంతోనే మంచాన పడ్డాడు.

మా బాబాయి కొడుకు ఫైనల్ ఇయర్‌లో ఉన్నాడు. ఎనిమిది మందితో సరిగ్గా పైన చెప్పిన ప్లానే వేసి, ఒకసారి చూడమని నాకు పంపాడు. డైవ్‌కీ అరకుకీ మధ్య ఒక రాత్రి గ్యాప్ పెట్టమన్నాను.

‘ఫ్లైట్ కాదు కదా అన్నయ్యా, కారేగా!’ అన్నాడు. 

తప్పు వాడిది కాదు. వాడికొచ్చిన ఫారంలో ‘24 గంటల్లో ఫ్లైట్ ఉందా?’ అని ఉంది కానీ, ‘కొండెక్కుతున్నారా?’ అని లేదు. టెంట్ల బుకింగ్ మార్చితే ఒక రాత్రి అడ్వాన్స్ పోయింది, తలకి ఆరు వందలు. రెండు రోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. ఉండనీ, ఆరు వందలే కదా.

మరి ఎంతసేపు ఆగాలి? డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ మార్గదర్శకాల ప్రకారం, మధ్యలో డీకంప్రెషన్ స్టాప్‌లు అవసరం లేని ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు. రోజుకి రెండు మూడు డైవ్‌లు, లేదా వరసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు. స్టాప్‌లు అవసరమైన డైవ్ అయితే అంతకన్నా బాగా ఎక్కువ. ఈ లెక్క 2,000 నుంచి 8,000 అడుగుల ఎత్తుకి సమానమైన క్యాబిన్ ఒత్తిడికి. అరకు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్లు, అంటే సుమారు 3,000 అడుగులు. ఆ పరిధిలోనే ఉంది. పైగా అనంతగిరి ఘాట్ రోడ్డు అరకు కన్నా పైకి ఎక్కి దిగుతుంది. రైల్లో వెళ్లినా శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. కాబట్టి చూడాల్సింది మనం చేరే ఊరి ఎత్తు కాదు, దారిలో వచ్చే అన్నిటికన్నా పెద్ద ఎత్తు.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా చెప్పాలి. తక్కువ లోతులో అరగంట ఒకే ఒక్క ట్రయల్ డైవ్ చేసినవాళ్లకి ముప్పు చిన్నదే. అమెరికా నేవీ డైవింగ్ మాన్యువల్‌లో దీనికోసం ఒక టేబులే ఉంది. ఎంత గ్యాస్ ఎక్కింది, ఎంత ఎత్తుకి వెళ్తున్నాం అన్నదాన్ని బట్టి ఆగాల్సిన సమయం మారుతుంది. కానీ హాలిడేకి వచ్చినవాళ్లం ఆ లెక్క వేసుకోలేం. ఒక రాత్రి ఆగితే లెక్కతో పనే లేదు.

బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా దగ్గరి విషయం. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలో ఆదివారం రెండు డైవ్‌లు చేసి, సోమవారం స్టాండప్‌కి అందాలని అదే రాత్రి బస్సెక్కుతారు. పడమటి కనుమలు దాటి బెంగళూరు చేరేసరికి 920 మీటర్లు. గోవా నుంచి రోడ్డు మీద హైదరాబాద్ వస్తున్నా దారిలో బెళగావి దాదాపు 750 మీటర్లు. హవాయి వెళ్లేవాళ్లయితే మరీ జాగ్రత్త. అక్కడ మౌనా కియా శిఖరం 4,207 మీటర్లు. బీచ్ నుంచి కార్లో కొన్ని గంటల్లో చేరిపోవచ్చు. స్కూబా చేసిన 24 గంటల్లోపు పైకి రావద్దని అక్కడ సందర్శకులకి స్పష్టంగా చెబుతారు.

ఎత్తు తెలుసుకోవడం కష్టమేం కాదు. ఐఫోన్ కంపాస్ యాప్‌లోనే కనిపిస్తుంది. చాలా ఫోన్లలో బారోమీటర్ కూడా ఉంటుంది. బీచ్‌లో దాదాపు 1,013 హెక్టోపాస్కల్స్ చూపించేది అరకులో 910 దగ్గరికి పడిపోతుంది. మన నైట్రోజన్ చూసే నంబరు కూడా అదే.

లక్షణాలు గుర్తుపెట్టుకోండి. భుజం, మోచేయి, మోకాలి నొప్పి, తిమ్మిర్లు, విపరీతమైన నీరసం, చర్మం మీద మచ్చలు, తల తిరగడం, కాళ్లలో బలం లేకపోవడం. బ్యాగ్ మోసినందుకులే, ఎండకిలే అని కొట్టిపారేస్తే ఇక్కడే దెబ్బతింటాం. డైవ్ చేసిన రోజో, మర్నాడో ఇలాంటివి కనబడితే ఇంకా పైకి వెళ్లడం ఆపేయాలి, మనిషిని పడుకోబెట్టాలి, 108కి ఫోన్ చేయాలి. దీనికి ప్రథమ చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్. అసలు చికిత్స హైపర్‌బారిక్ చాంబర్‌లో. అది ప్రతి ఆసుపత్రిలో ఉండదు. అందుకే డాక్టర్‌కి మొదట చెప్పాల్సిన మాట ‘నేను నిన్న స్కూబా చేశాను’. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఆయన మోకాలికి ఎక్స్‌రే రాస్తాడు.

వీటన్నిటికన్నా సులువైన పరిష్కారం ఒకటుంది. డిపెండెన్సీల వరస మార్చడం! ముందు కొండ, తర్వాత కడలి. అరకు చూసుకుని దిగి, ఆ తర్వాత రుషికొండలో మునిగితే ఈ గొడవే లేదు. డైవ్ చేసిన సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ కూర్చోండి. రాత్రి వైజాగ్‌లోనే పడుకుని, ఫ్లైటో, బస్సో మర్నాడు ఎక్కండి. అవే చేపలు, అదే చికెన్, అవే రీల్స్. అప్‌లోడ్ చేసే వరసంటారా, అది మీ ఇష్టం.