ఆయుధ పూజకు ముందు ఇంజన్ రంగు గురించి ఒక మాట



ఆయుధ పూజ దగ్గర పడుతోంది. మన హోసూరులో ఈ రోజుల్లో మెకానిక్ షెడ్లకు ఊపిరాడదు. పాత ఆర్‌ఎక్స్ 100లు, యెజ్డీలు, బుల్లెట్లు వరస కడతాయి. "అన్నా, ఇంజన్ మెరిసిపోవాల" అన్నదే అందరి మాట. ఆ మెరుపు గురించే మా నలుగురి అభిప్రాయం రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. బండి బాడీకి కొట్టే టూకే క్లియర్‌ను ఇంజన్ మీద కొట్టడం మానేద్దాం. ట్యాంకుకు, సైడ్ ప్యానళ్లకు అది కావాలి. ఇంజన్‌కు అక్కర్లేదు.

పోయిన పండక్కి ఈ తప్పు మేమే చేశాం. ఒక ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌కు నల్ల రంగు వేసి, రంగులమ్మే ఆయన మాట నమ్మి, హెడ్డు నుంచి బెండ్ పైపు దాకా టూకే క్లియర్ కొట్టాం. పూజ రోజు అద్దంలా ఉంది. దీపావళి దాటాక హెడ్డు పసుపు తిరిగింది, బెండ్ పైపు మీద బొబ్బలు లేచి పొరలు ఊడాయి. బండి ఆయన గొడవ పడలేదు. "రెండు నెలలకే ఇట్లయిందేమన్నా?" అని ఒక్క మాట అన్నాడు. తిట్టి ఉంటే నయమనిపించింది. అంతా గీకి మళ్లీ వేసిచ్చాం, కూలి తీసుకోలేదు.

తప్పెక్కడంటే, ఇంజన్ అంతా ఒకే వేడి ఉండదు. గాలికి చల్లబడే ఇంజన్‌లో క్రాంక్ కేసు, కవర్లు సుమారు 100 డిగ్రీల దగ్గర ఉంటాయి. హెడ్డు, సిలిండర్ రెక్కలు 150 నుంచి 200 దాకా పోతాయి. బెండ్ పైపు హెడ్డుకు తగిలే చోట 300 కూడా దాటుతుంది. బాడీ క్లియర్ ఆ వేడికి పుట్టింది కాదు. మొదట పసుపెక్కుతుంది, తర్వాత పెళుసై ఊడుతుంది.

కాబట్టి డబ్బా కొనేముందు అది ఏ భాగానికో అడగండి. కవర్లకు, సిలిండర్‌కు మంచి ఇంజన్ ఎనామెల్ చాలు. బెండ్ పైపుకు, సైలెన్సర్‌కు 600 డిగ్రీలు తట్టుకునే సిలికోన్ రంగే కావాలి. అది ఎక్కువగా మ్యాట్‌గానే ఉంటుంది, ఉండనివ్వండి. మెరుపు కావాలని పట్టుబడితే, వేడికి తట్టుకునే క్లియర్ వేరే దొరుకుతుంది. రంగు ఏ కంపెనీదో క్లియర్ కూడా ఆ కంపెనీదే తీసుకుని, డబ్బా మీద రాసిన వేడికి లోబడి వాడండి. బఫ్ చేసిన అల్యూమినియం కవర్లకైతే ఏదీ కొట్టకుండా అప్పుడప్పుడు పాలిష్ పెట్టుకోవడమే మేలని మా అనుభవం.

డబ్బా మీద 600 అని ఉంటే సరిపోదు. ఆయిల్ జిడ్డు పూర్తిగా పోవాలి. పాత రంగు గీకి లోహం తేలాలి. పుట్టీ, మామూలు ప్రైమర్ అడుగున ఉంటే అవే కాలి పై రంగును లేపుతాయి. పల్చగా రెండు మూడు కోట్లు వేయాలి. గ్యాస్కెట్ కూర్చునే చోట టేపు వేయాలి. అన్నిటికంటే ముఖ్యం కాల్చడం. సిలికోన్ రంగు చేతికి ఆరినట్టు అనిపించినా, వేడి తగిలేదాకా గట్టిపడదు. అంతలోపు పెట్రోల్ చుక్క పడితే లేచిపోతుంది. బిగించాక ఇంజన్‌ను కాసేపు ఐడిల్‌లో నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ ఇంకొంచెం ఎక్కువసేపు నడపాలి. ఎన్ని నిమిషాలో, ఎన్నిసార్లో డబ్బా మీదే ఉంటుంది. దీనికి ఒక పూట పోతుంది. ఆ పూట కూలి అడగడానికి సిగ్గుపడొద్దు.

"కస్టమర్ మెరుపే అడుగుతాడు, మనం కాదంటే పక్క షెడ్డుకు పోతాడు" అని కొందరన్నారు. పోనీయండి. ఊడిన బండి చూసినప్పుడు మళ్లీ మన దగ్గరికే వస్తాడు.

ఇంకొకటి, రంగు కంటే పెద్ద సంగతి. టూకే క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. దాని తుంపరలు పీల్చితే ఆస్తమా పట్టుకోవచ్చు. ఒకసారి పట్టుకుంటే, తర్వాత ఏ కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. కర్చీఫ్, గుడ్డ మాస్కు దాన్ని ఆపలేవు. బయటి గాలిని గొట్టంతో అందించే మాస్కు, గాలి లాగే బూతు ఉన్నచోటే అది కొట్టాలి. మన పిల్లలు సంఘం హాలు వెనుక షెడ్డులో షట్టర్ సగం దించి, దుమ్ము పడకూడదని, ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని కొడుతున్నారు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. వాళ్లకు పని నేర్పుతున్నామని మనమే గొప్పగా చెప్పుకుంటున్నాం.

ట్యాంకులను బూతు ఉన్న చోటికి పంపుదాం. ఇంజన్‌కు ఎలాగూ టూకే అక్కర్లేదు. అంటే మన షెడ్డులో ఆ హార్డెనర్ డబ్బాకు పనే లేదు. మిగతా రంగులకైనా షట్టర్ పూర్తిగా ఎత్తి, థిన్నర్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టే కొట్టాలి. ఆ మాస్కులు సంఘం డబ్బుతో కొనాలి. పండక్కి స్టేజీ లైట్లు ఒక వరస తగ్గినా ఫరవాలేదు.

ఈ ఆదివారం మీటింగులో ఈ రెండు మాటలూ పెడతాం. కాదనేవాళ్లు తప్పకుండా రండి, ఎదురుగా మాట్లాడుకుందాం. పిల్లల అమ్మానాన్నలు కూడా వస్తే ఇంకా మంచిది.