నేల కంపించినప్పుడు మన సాక్ష్యం

భూకంపం సంభవించిన మరుక్షణం మనమందరం అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత వచ్చింది?" అని. రేడియోలోనో, పత్రికలోనో, చేతి ఫోనులోనో ఒక అంకె కనబడుతుంది. 5.3 అనో, 6.2 అనో తెలుసుకుని తృప్తిపడతాం. ఆ అంకె శాస్త్రజ్ఞుల అవిరళ కృషి ఫలితం. దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని ఆ ఒక్క అంకెతో భూకంపం కథ ముగిసిపోదు. మిగిలిన కథను చెప్పవలసిన బాధ్యత కంపాన్ని అనుభవించిన సామాన్య ప్రజలదేననీ, అందులో విద్యార్థుల పాత్ర మరింత ముఖ్యమైనదనీ మా దృఢ విశ్వాసం.

మొదట రెండు మాటల మధ్య గల భేదాన్ని గ్రహించవలసి ఉన్నది. 1935లో చార్లెస్ రిక్టర్ ప్రతిపాదించిన కొలమానం భూకంప పరిమాణాన్ని తెలుపుతుంది. అది భూగర్భంలో విడుదలైన శక్తికి సంబంధించినది. ఒక భూకంపానికి ఒక పరిమాణమే ఉంటుంది. తీవ్రత అట్టిది కాదు. ఫలానా ఊరిలో, ఫలానా వీధిలో నేల ఎంతగా ఊగిందన్నదే తీవ్రత. అది చోటును బట్టి మారుతుంది. మన పత్రికలు రెండింటికీ "తీవ్రత" అనే మాటనే వాడుతుండడం వలన ఈ భేదం మరుగున పడిపోతున్నది. దీపం శక్తి ఒక్కటే అయినా దాని పక్కన కూర్చున్నవాడికి అందే వెలుగు వేరు, వాకిట నిలబడినవాడికి అందే వెలుగు వేరు కదా! దూరమే కాక నేల స్వభావం, కట్టడం తీరు కూడా ఇక్కడ లెక్కకు వస్తాయి. మెత్తని ఒండ్రు నేల గట్టి రాతి నేల కంటే ఎక్కువగా ఊగుతుంది. 2001 జనవరి 26న కచ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహమ్మదాబాదులో సైతం బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. ఒక్క అంకె ఈ సంగతిని చెప్పజాలదు.

తీవ్రతను కొలిచే పద్ధతి మాత్రం అందరికీ అర్థమయ్యేదే. ఇటలీ దేశస్థుడైన మెర్కల్లి 1902లో రూపొందించిన కొలమానాన్ని 1931లో వుడ్, న్యూమన్ అనే శాస్త్రజ్ఞులు సవరించారు. అందులో 12 మెట్లున్నాయి. మొదటి మెట్టులో కంపం దాదాపు ఎవరికీ తెలియదు. నాలుగవ మెట్టులో గిన్నెలు, కిటికీలు గలగలలాడతాయి. అయిదవ మెట్టులో నిద్రించేవారు మేల్కొంటారు. పైమెట్లలో గోడలు బీటలు వారి, కట్టడాలు నేలమట్టమవుతాయి. ఇంటిలోని గిన్నె, గోడ, వేలాడే దీపం ఇవే ఇక్కడ పరికరాలు. చూచి చెప్పగల మనిషి ఉంటే చాలు.

ఇది నేడు పుట్టిన ఆలోచన కాదు. 1505లో కాబూలు ప్రాంతాన్ని కుదిపివేసిన భూకంపాన్ని బాబరు తన ఆత్మకథలో వర్ణించాడు. ఆ రోజున 33 మారులు నేల కంపించిందనీ, నెల రోజుల పాటు ప్రకంపనలు కొనసాగాయనీ లెక్కపెట్టి మరీ రాశాడు. కూలిన ప్రాకారాల సంగతి, నేల చీలిన ప్రదేశాల పేర్లు చెప్పాడు. అదే ఏట కన్నుమూసిన ఈజిప్టు పండితుడు జలాలుద్దీన్ సుయూతీ, పూర్వ గ్రంథాలలోని భూకంపాల వృత్తాంతాలన్నింటినీ ఏర్చి కూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. 1755 నవంబరు 1న లిస్బన్ నగరం ధ్వంసమైనప్పుడు పోర్చుగల్ మంత్రి పొంబాల్ దేశంలోని చర్చి అధికారులందరికీ ఒక ప్రశ్నావళిని పంపించాడు. కంపం ఎంతసేపు ఉన్నది? ఎన్ని ఇళ్ళు కూలాయి? సముద్రం పొంగిందా, వెనుకకు తగ్గిందా? దైవాగ్రహమే దీనికి కారణమని జనం వాదించుకొంటున్న సమయంలో ఆయన వాదించలేదు, అడిగాడు. ఆ సమాధానాలు నేటికీ అక్కడి జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. మన దేశంలో 1897 జూన్ 12న అస్సాంను అతలాకుతలం చేసిన మహాభూకంపాన్ని భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన ఓల్డ్‌హామ్ పరిశోధించి, నలుమూలల నుంచి అందిన వివరాలతో తీవ్రతా పటాన్ని గీశాడు.

ఆ సంప్రదాయమే నేడు కొత్త రూపం దాల్చింది. అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ 1997లో కాలిఫోర్నియాలో అంతర్జాలం ద్వారా ప్రజలను ప్రశ్నించడం ప్రారంభించి, క్రమంగా దానిని ప్రపంచమంతటికీ విస్తరింపజేసింది. 2011 ఆగస్టు 23న వర్జీనియా రాష్ట్రంలో 5.8 పరిమాణం గల భూకంపం వచ్చినప్పుడు 1,40,000 మందికి పైగా తమ అనుభవాన్ని తెలియజేశారు. ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం కూడా ప్రజల నుంచి ఇట్టి వివరాలను స్వీకరిస్తున్నది.

సామాన్యుల మాటలను నమ్మవచ్చునా అని కొందరు సందేహించవచ్చు. భయపడినవాడు గోరంతను కొండంత చేస్తాడన్నది నిజమే. అందుకే ప్రశ్నావళి "ఎంత పెద్ద భూకంపం?" అని అడగదు. మీరు ఏ అంతస్తులో ఉన్నారు? నిద్రలో ఉన్నారా, నడుస్తున్నారా? అలమరలోని వస్తువులు కింద పడ్డాయా? గోడ పగిలిందా? అని అడుగుతుంది. ఒకే ప్రాంతం నుంచి వచ్చిన అనేక సమాధానాలను సరిపోల్చి సగటు తీసినప్పుడు ఒక్కొక్కరి అతిశయోక్తి, ఒక్కొక్కరి ఉపేక్ష చాలావరకు తొలగిపోతాయి. భూకంపలేఖినిని వీధి వీధినా నెలకొల్పడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. కాని మనుషులు లేని వీధి లేదు.

మమ్మల్ని కలవరపెట్టే విషయం మరొకటి ఉన్నది. సమాధానాలు రాని చోటు పటంలో ఖాళీగా మిగిలిపోతుంది. అక్కడ కంపం రాలేదా? వచ్చినా చెప్పగల స్థితిలో ఎవరూ లేరా? లేక వారిని వారి భాషలో ఎవరూ అడగలేదా? ఖాళీని చూచి చెప్పడం అసాధ్యం. ఆ ఖాళీని క్షేమమని భ్రమించడం ప్రమాదకరం. 1993 సెప్టెంబరు 30న తెల్లవారకముందే మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో మట్టితో పేర్చిన రాతిగోడల కింద వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నాటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలో ఉండేది. అట్టి పటాలకు పూర్వ భూకంపాల వృత్తాంతాలే ముఖ్యాధారం. వృత్తాంతం లేని చోట ప్రమాదమూ లేదనిపిస్తుంది. 2002లో సవరించిన పటంలో ఒకటవ మండలమనేదే లేకుండా పోయింది. ఆ సవరణకు ముందు చెల్లించిన మూల్యం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మన ప్రాంతం దీనికి అతీతం కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాలలో భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంతో వచ్చిన కంపం హైదరాబాదు, విజయవాడల వరకు తెలిసింది. కదిలే కుర్చీల దృశ్యాలు ఫోనుల నిండా తిరిగాయి. కొన్నాళ్ళకు అందరూ మరచిపోయారు. ఒకరికొకరు చెప్పుకున్న ముచ్చట్లలో ఎన్ని శాస్త్రానికి అందాయి? ముచ్చట గాలిలో కలిసిపోతుంది. వేళ, స్థలం, అంతస్తు చేర్చి తెలియజేసిన ముచ్చట సాక్ష్యమవుతుంది.

కనుక విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. తీవ్రతా ప్రశ్నావళిని సరళమైన తెలుగులోను, ఉర్దూలోను సిద్ధం చేయాలి. తెలుగులో భూకంపమన్నా, ఉర్దూలో జల్‌జలా అన్నా కంపించే నేల ఒక్కటే. కాని అడిగే భాష తనదైనప్పుడే అవ్వ అయినా, నానీమా అయినా తాను చూచింది చూచినట్లు చెప్పగలదు. మన విద్యార్థులు అనేక గ్రామాల నుంచి, పేటల నుంచి వచ్చినవారు. కంపం వచ్చిన రోజున ప్రతివారూ తమ ఇంటివారిని, ఇరుగుపొరుగువారిని అడిగి ఆ వివరాలను జాతీయ కేంద్రానికి పంపవచ్చు. ప్రతిని కళాశాల గ్రంథాలయంలో ఉంచవచ్చు. "మాకేమీ తెలియలేదు" అన్న సమాధానాన్ని కూడా తప్పక నమోదు చేయాలి. కంపం ఎంతవరకు సాగిందో తేల్చేది అదే. 1969 నాటి కంపాన్ని ఎరిగిన వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి జ్ఞాపకాలు వారితోనే పోకముందే రాసిపెట్టాలి. ఇందుకు కావలసిన వ్యయం కొద్ది కాగితాలు మాత్రమే.

భూకంపాన్ని ఆపే శక్తి మనకు లేదు. అది ఏ రోజున వస్తుందో ముందుగా చెప్పే విద్య నేటివరకు ఎవరికీ పట్టుబడలేదు. కాని వచ్చిన కంపం ఏ వాడను ఎంతగా కుదిపిందో తెలిస్తే, రేపు ఆ వాడలో ఏ గోడ ఎలా కట్టాలో తెలుస్తుంది. ఆ గోడ కింద నిద్రించే పసివాడి కోసమైనా నేడు మనం నోరు విప్పి సాక్ష్యం చెప్పాలి.