ఆ గలాటాలోనే పాఠముంది

గుంపు కడితే గలాటా తప్ప చదువేముంటుంది? మా ఉరవకొండ వైపు హైస్కూళ్ల స్టాఫ్‌రూముల్లో తరచూ వినబడే తీర్పు ఇది. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా ప్రాజెక్టు గ్రూపు పనిని ప్రాథమిక బడులకే తెచ్చింది కాబట్టి, అది చిన్నపిల్లల వ్యవహారమని చాలామందికి స్థిరపడిపోయింది. పదో తరగతికైతే బోర్డు, నోట్సు, బిట్లు. ఐదుగుర్ని కూర్చోబెడితే ఒకరు రాస్తారు, నలుగురు దిక్కులు చూస్తారట.

చూస్తారు, నిజమే. ఇన్‌స్పెక్షన్ ముందురోజు చార్టొకటి పడేసి "గ్రూపుగా చెయ్యండి" అంటే ఇంకేం చేస్తారు? దస్తూరి బాగున్న పిల్ల చేతికి స్కెచ్ పెన్ వెళ్తుంది, అంతే. మరి సారు గంటసేపు బోర్డు మీద రాస్తున్నప్పుడు దిక్కులు చూసేవాళ్లెందరు? వాళ్లు గలాటా చెయ్యరు గనక లెక్కలోకి రారు.

పని పంచకుండా పిల్లల్ని పంచడమే ఇక్కడి తప్పు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల పిల్లలు కొత్తగా ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఇలియట్ ఆరన్సన్ పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్క ముక్కే ఇచ్చాడు. పక్కవాడు చెబితేగానీ మిగతాది తెలియదు. దీన్నే జిగ్‌సా అన్నారు. వీధిని బట్టి బెంచీ ఎంచుకునే అలవాటు ఇంకా పూర్తిగా పోని ఊళ్లలో దీనికెంత పనుందో వేరే చెప్పాలా?

ఉదాహరణకు, సెప్టెంబరు మొదట్లో బడి పక్క చేలోంచి ఒక చెనిక్కాయ చెట్టు పీక్కురండి. ఒకరికి వేరు, ఒకరికి పువ్వు, ఒకరికి ఊడ, ఒకరికి ఆకు. వేరు దక్కిన పిల్ల బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు. రైజోబియం బాక్టీరియా నత్రజనిని పడుతోందని గుర్తు. పైన పూసింది కింద ఎట్ల కాసిందని పువ్వు దక్కిన పిల్ల అడుగుతుంది. ఫలదీకరణ అయ్యాక అండాశయం కింద సాగి, ఊడై నేలలోకి దిగాకే కాయ ఊరుతుందని ఊడ దక్కినవాడు చెప్పాలి. వాన లేక నేల బిగిస్తే ఊడ దిగదని వాడికి ఏ గైడూ చెప్పలేదు, ఇంట్లో వాళ్ల నాయన గొణుగుడు చెప్పింది. నోట్సు చెప్పే రోజున వెనక బెంచీలో ఉండే వాడి మాటను ఇప్పుడు ఫస్టు ర్యాంకు పిల్ల రాసుకుంటోంది.

సిలబస్ పూర్తి కాదంటారు. సారు డైరీలో పూర్తయితే చాలా?

ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోవాలి: మార్కు గ్రూపుకు వెయ్యకూడదు. ఎవర్నైనా లేపి, వాళ్లది కాని ముక్కే అడగాలి. పువ్వు పిల్ల ఊడ గురించి తడబడితే, మళ్లీ ఊడవాడి దగ్గరికే పంపాలి. అప్పుడు గలాటా అవుతుంది. హెడ్‌మాస్టరు వరండాలో ఆగి తొంగిచూస్తారు. చూడనివ్వండి.