గోరింటాకు ఎర్రగానే పండుతుంది

ఆషాఢం దగ్గరపడిందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. మంచి గోరింటాకు పొడి ఏ బకాలాలో దొరుకుతుంది, ఊరి నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, పచ్చి ఆకు తెప్పించుకోవచ్చా అని అడుగుతారు. ఈసారి మొదటి ఫోన్ అలాంటిది కాదు. ఫర్వానియాలో ఉండే ఒక సోదరి, కడప జిల్లా ఆవిడ, ఏడుపు గొంతుతో మాట్లాడింది. ఎనిమిదేళ్ళ కూతురికి ఒక పెళ్ళిలో ఎవరో నల్ల కోన్‌తో చేతి మీద డిజైన్ వేశారట. గంట తిరగకుండానే నల్లగా నిగనిగలాడిందట. పిల్ల మురిసిపోయింది. నాలుగో రోజుకి ఆ గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా, తీగలాగే, ఆకులాగే, బొబ్బలు లేచాయి. "గోరింటాకు మందు కదండీ, అది కూడా పడకుండా పోతుందా?" అని ఆవిడ అడిగింది.

ఆవిడకి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పాం. వెళ్ళింది, పిల్ల ఇప్పుడు బాగానే ఉంది, మచ్చ మాత్రం ఇంకా పోలేదు. ప్రశ్నకి జవాబు ఫోన్లో సగమే చెప్పగలిగాం, మిగతాది తెలుసుకుని ఈ వారం రాస్తున్నాం. మేము వైద్యులం కాదు, ఆఫీసుల్లో ఫైళ్ళు చూసుకునే గుమస్తాలం. మాలో ఒకరిద్దరు ఇంటర్‌లో బైపీసీ చదివారు. ఆ చదువు ఉద్యోగానికి అక్కరకు రాలేదు గానీ ఈ శీర్షికకి అప్పుడప్పుడు పనికొస్తుంది.

ముందు మన ఊరి గోరింటాకు సంగతి. చెట్టు నుంచి ఆకు దూసుకొచ్చి, రోట్లో వేసి, కాస్త చింతపండు, ఒక వక్క, కొందరైతే కాస్త కాచు కూడా వేసి మెత్తగా రుబ్బేవాళ్ళు. రుబ్బినవాళ్ళ చెయ్యే అందరికంటే ముందు పండేది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళ కొసలకి టోపీలు. అంతే డిజైను. రాత్రంతా చేతులు కదపకుండా పడుకోవాలి, అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టాలి. పొద్దున్నే ఎండిన పిడచలు రాల్చి, కొబ్బరినూనె రాసి, ఎవరి చెయ్యి బాగా పండిందో పోల్చుకోవడం. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని ఆటపట్టించడం. అట్లతద్దికీ ఇదే వరస.

ఆ చింతపండు ఎందుకో చిన్నప్పుడు మేము అడగలేదు. ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంది. ఈ మొక్క శాస్త్రీయ నామం లాసోనియా ఇనర్మిస్, దాని నుంచే రంగుకి ఆ పేరు. ఆకును నలిపి, పులుపు తగిలిస్తే ఆ రంగు బయటికి వస్తుంది. చింతపండైనా నిమ్మరసమైనా చేసే పని అదే. చర్మంలో, గోళ్ళలో, జుట్టులో కెరటిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, రంగు వెళ్ళి దాన్ని పట్టుకుంటుంది. అందుకే సబ్బుకి పోదు, పై చర్మం రాలే కొద్దీ పోతుంది. ఒంటి వేడి కూడా పనిచేస్తుంది. పొడి పిడచ తీసేసిన వెంటనే నారింజ రంగులో ఉంటుంది, ఒకటి రెండు రోజులు గడిచాక ముదురు ఎరుపుకి తిరుగుతుంది. తీసిన వెంటనే నీళ్ళు తగలనివ్వద్దని పెద్దవాళ్ళు కేకలేసేది అందుకే.

ఇప్పుడు నల్ల కోన్ దగ్గరికి వద్దాం. ఒట్టి గోరింటాకు ఎప్పటికీ నల్లగా పండదు. నారింజ, ఎరుపు, ముదురు గోధుమ, అంతే. గంటలో నల్లబడిందంటే అందులో ఇంకేదో ఉంది. చాలాసార్లు అది పారా ఫినైలీన్ డైఎమైన్, పొట్టిగా పీపీడీ అంటారు. తలకి వేసే నల్ల రంగుల్లో ఉండే రసాయనమే. యూరప్ దేశాల్లో జుట్టు రంగులో దానికి 2 శాతం గరిష్ఠ పరిమితి ఉంది, చర్మం మీద వాడడానికి అసలు అనుమతి లేదు. అమెరికాలో అయితే గోరింటాకునే జుట్టు రంగుగా తప్ప చర్మం మీద పూతగా ఆమోదించలేదు. కోన్‌లో ఆ రసాయనం ఎంత కలిపారో, పెట్టే మనిషికి కూడా తెలియదు.

దాంతో వచ్చే ఇబ్బంది అందరికీ మొదటిసారే రాదు. ఒకసారి పెట్టించుకుంటే ఏమీ కాకపోవచ్చు, ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి విరుచుకుపడుతుంది. దురద, మంట, వాపు, బొబ్బలు ఒకటి రెండు రోజుల్లోనూ రావచ్చు, రెండు మూడు వారాల తర్వాతా రావచ్చు. ఇంకో నష్టం ఏమిటంటే, ఆ పడకపోవడం జీవితాంతం ఉండిపోతుంది. ఫర్వానియా పాప పెద్దదై, యాభై ఏళ్ళప్పుడు తలకి రంగు వేసుకుంటే ముఖం వాచిపోవచ్చు. అందుకే ఆ పిల్లకి ఇలా జరిగిందని ఆసుపత్రి కాగితాల్లో రాయించుకోమని వాళ్ళమ్మకి చెప్పాం.

కొనేటప్పుడు మేము చూసేవి ఇవి. పది నిమిషాల్లో రంగు వస్తుందని రాసిన ప్యాకెట్ ముట్టుకోం. పదార్థాల జాబితా లేని కోన్ కొనం. మంచి పొడి ఆకుపచ్చలో కాస్త గోధుమ కలిసినట్టు ఉంటుంది, ఎండుగడ్డి వాసన వస్తుంది, ఘాటు రసాయనం వాసన రాదు. ఇంకొక మాట. నీళ్ళు కలిపిన నిజమైన గోరింటాకు ఫ్రిజ్‌లో పెట్టకపోతే కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. దుకాణం అరలో నెలల తరబడి తాజాగా ఉన్న కోన్ ఎలా ఉండగలిగిందో మీరే ఆలోచించండి. మేమైతే పొడి కొని, నిమ్మరసం పిండి, కాస్త చక్కెర వేసి కలిపి, నాలుగైదు గంటలు మూత పెట్టి ఉంచి, పాల కవరుతో కోన్ చుట్టుకుంటాం. చక్కెర వేస్తే ఎండి రాలిపోకుండా అతుక్కుని ఉంటుంది.

ఇళ్ళల్లో పిల్లలను చూసుకునే అక్కచెల్లెళ్ళు ఈ భాగం తప్పక చదవండి, చదవలేనివాళ్ళకి చదివి వినిపించండి. ఒట్టి గోరింటాకు, ఏ రసాయనమూ కలపనిది కూడా, కొందరు పసిబిడ్డలకి ప్రాణం మీదికి తెస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉండేవాళ్ళు ఈ గల్ఫ్ ప్రాంతంలో ఎక్కువ, మన దేశంలోనూ ఉన్నారు. ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ అది. అది తక్కువైనవాళ్ళకి కొన్ని వస్తువులు తగిలితే రక్తకణాలు చితికిపోతాయి. పొద్దున్నే ఇక్కడివాళ్ళు తినే ఫూల్ గింజలు, బట్టల్లో వేసే కలరా ఉండలు, మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర, ఇవన్నీ ఆ జాబితాలోవే. గోరింటాకు కూడా అందులోదే. లాసోన్‌కీ కలరా ఉండలకీ రసాయనాల్లో చుట్టరికం ఉంది, పసిబిడ్డ పలుచటి చర్మం గుండా అది లోపలికి వెళ్తుంది. 2001లో అల్ ఐన్ వైద్యులు గోరింటాకు పూసిన తర్వాత ఇలా ప్రాణాపాయ స్థితికి వెళ్ళిన నలుగురు పిల్లల గురించి వైద్య పత్రికలో రాశారు.

ఇక్కడ పండగకీ, శుభకార్యానికీ చంటిపిల్లలకి అరచేతులకీ అరికాళ్ళకీ హిన్నా పెట్టే అలవాటు ఉంది. మనమూ ముద్దొచ్చి మిగిలింది కాస్త పూస్తాం. మేడమ్ బిడ్డకైనా, మన బిడ్డకైనా, రక్తపరీక్ష చేయించి ఆ లోపం లేదని తెలిస్తే తప్ప పెట్టకండి. మగపిల్లల్లో ఈ లోపం ఎక్కువగా బయటపడుతుంది. పెట్టిన తర్వాత బిడ్డ పాలిపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం కోకాకోలా రంగులో వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి. గోరింటాకు పెట్టామని డాక్టరుకి చెప్పడం మరిచిపోవద్దు, తిడతారని దాచొద్దు.

ఇక మందు సంగతి. ఆయుర్వేదంలో దీన్ని మదయంతిక అంటారు, చలువ చేసే మొక్కల్లో లెక్క. ఆషాఢంలోనే ఎందుకంటే, మన పెద్దలు చెప్పే కారణం పొలం పని. వానలు పడి, నాట్లు మొదలై, ఆడవాళ్ళు రోజంతా బురదలో నిలబడితే కాలివేళ్ళ సందులు పాసిపోతాయి, గోళ్ళు పుచ్చుతాయి. గోరింటాకు రసానికి కొన్ని రకాల బూజు తెగుళ్ళను అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు కాబట్టి ఆ కారణం కొట్టిపారేసేది కాదు. గోరుచుట్టు మొదట్లో, వేలు సలపరిస్తున్నప్పుడు, నూరిన ఆకు కట్టడం మా ఇళ్ళన్నిట్లో ఉండేది, మగవాళ్ళూ కట్టించుకునేవాళ్ళు. చీము పట్టాక మాత్రం అది డాక్టరు పని. నోటిపూతకి ఆకు కషాయం పుక్కిలించి ఉమ్మేవాళ్ళు. అది చెట్టు ఆకుతో చేసే పని. బజారు పొడి నోట్లో పెట్టుకోకండి, అది జుట్టు కోసం అమ్మేది. కామెర్లకి పసరు తాగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ పని చెయ్యొద్దు. తాగితే పైన చెప్పిన రక్తం విరుగుడు జబ్బు, దాంతోపాటు కిడ్నీ దెబ్బతినడం జరిగిన సందర్భాలు ఉన్నాయి.

అరికాళ్ళ మంటలకి గోరింటాకు పూత అందరికీ తెలిసిందే. ఎడారి అరబ్బులు కూడా ఇసుక వేడికి అరికాళ్ళకి పూసుకునేవాళ్ళు. క్యాన్సర్‌కి వాడే కేపెసిటబిన్ మాత్రలతో అరచేతులు, అరికాళ్ళు మండి తోలు ఊడే రోగులకి గోరింటాకు పూసి చూస్తే ఉపశమనం కనిపించిందని 2008లో టర్కీ వైద్యులు రాశారు. పదిమంది మీద చూసింది కాబట్టి దాన్ని అంతవరకే తీసుకోవాలి.

దీని గురించి మా రూమ్‌లో జరిగింది చెప్పాలి. గోదావరి జిల్లా అన్న ఒకాయన, డ్రైవర్. రాత్రయితే అరికాళ్ళు మంట అని శుక్రవారం శుక్రవారం గోరింటాకు పూసుకునేవాడు. "హాయిగా ఉందిరా" అనేవాడు. మేమే కలిపి ఇచ్చేవాళ్ళం. ఇలా ఏడాది గడిచింది. ఒకరోజు బూటులో గులకరాయి ఇరుక్కుని రోజంతా నడిచినా ఆయనకి తెలియలేదు, సాయంత్రం సాక్సుకి రక్తం చూసి మేమే కంగారుపడ్డాం. పరీక్ష చేయిస్తే షుగర్ 380. మంట షుగర్ వల్ల నరాలకి వచ్చిందట. గోరింటాకు మంటని చల్లార్చింది, జబ్బుని కనబడకుండా చేసింది. అప్పటినుంచి మమ్మల్ని ఎవరు అరికాళ్ళ మంటకి అడిగినా ముందు షుగర్ చూపించుకో, బి12 చూపించుకో, తర్వాత పొడి కలుపుతాం అంటున్నాం. ఆ అన్న కాలు దక్కింది. మందులు వేసుకుంటున్నాడు, టీలో చక్కెర మాత్రం దొంగతనంగా వేసుకుంటున్నాడని మా అనుమానం.

జుట్టుకి ఎక్కువ చెప్పక్కర్లేదు. భుజాల దాకా ఉన్న జుట్టుకి వంద గ్రాముల పొడి, టీ డికాక్షన్, కాస్త ఉసిరి పొడి. ఇనుప మూకుడులో రాత్రి నానబెడితే రంగు కాస్త ముదురుగా వస్తుందని మా అమ్మలు చెప్పేది, మేమూ అలాగే చేస్తున్నాం. తెల్ల వెంట్రుక నారింజ రంగుకే తిరుగుతుంది. నల్లగా కావాలంటే గోరింటాకు కడిగేశాక నీలి ఆకు పొడి వేసుకునే పద్ధతి ఉంది. గుడ్డు కలిపితే జుట్టు పట్టులా ఉంటుందంటారు. ఆరుగురు ఉండే రూమ్‌లో ఆ ప్రయోగం ఒకసారి చేశాం, మళ్ళీ చెయ్యం. సైనస్ ఉన్నవాళ్ళు ఏసీలో తలకి పెట్టుకుని కూర్చోకండి. ప్యాకెట్ ఏదైనా మోచేతి మడత దగ్గర కాస్త రాసి రెండు రోజులు చూసి తర్వాతే తలకి వాడండి.

ఇక్కడి ముసలివాళ్ళకి కూడా ఇది ప్రాణమే. సూక్ ముబారకియాలో మూలికల దుకాణాల్లో పొడి తూకం వేసి ఇస్తారు. పెళ్ళికి ముందు హిన్నా రాత్రి జరుపుకుంటారు. 2024 డిసెంబరులో యునెస్కో హెన్నా ఆచారాలను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పదహారు అరబ్ దేశాలు కలిసి అడిగాయి, కువైట్ కూడా అందులో ఉంది. మన దేశంలో రాజస్థాన్‌లోని సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ ప్యాకెట్ల మీద ఆ ఊరి పేరు కనిపిస్తే అదే.

చివరగా ఆఫీసు గుమస్తాలుగా ఒక మాట. వేలిముద్రల పని ఉన్న వారంలో వేళ్ళ కొసలకి టోపీలు పెట్టుకోకండి. మా దగ్గరికి కాగితాల కోసం వచ్చే ఒక అక్క వేళ్ళు నిండా పండించుకుని వెళ్ళింది. మిషన్ ముద్ర తీసుకోలేదు, రంగు పోయాక రమ్మన్నారు. యజమాని మళ్ళీ సెలవు ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. అరచేతిలో చందమామ పెట్టుకోండి, వేళ్ళు వదిలేయండి. గోరింటాకుతో మీ ఊళ్ళో చేసే వైద్యం ఇంకేమైనా ఉంటే మాకు రాయండి. వచ్చే వారం మెంతుల గురించి.